ప్రసంగ పీఠానికి పార్టీ జెండా వద్దు

2024 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితం వెలువడిన వారం, మన నగరంలో కొన్ని సంఘాల్లో కృతజ్ఞతా ప్రార్థనలు చేశారు. దేవుడు తన మనిషిని తిరిగి గద్దె మీద కూర్చోబెట్టాడని విశ్వాసుల వాట్సాప్ గ్రూపుల్లో సందేశాలు తిరిగాయి. తొమ్మిది నెలలు గడిచాయి. 2025 ఆగస్టు 27 నుంచి అదే అధ్యక్షుడు మన దేశపు సరుకుల మీద వేసిన సుంకం 50 శాతానికి చేరింది. ఆంధ్రా రొయ్యలను అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికాయే. ఆ సరుకు చాలావరకు విశాఖ రేవు నుంచే ఓడ ఎక్కుతుంది. ప్లాంట్లలో రొయ్య తల తీసి, తొక్క ఒలిచి, సైజుల వారీగా ఏరేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. వారిలో మన సంఘాల అక్కచెల్లెళ్లూ ఉన్నారు. సెప్టెంబరులో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక సోదరి లేచి, వారానికి మూడు రోజులే పనికి పిలుస్తున్నారని, ప్రార్థన చేయమని కన్నీళ్లతో అడిగింది. నవంబరులో స్తోత్రాలు చెల్లించింది కూడా ఆ మందిరంలోనే.

ఆ రెండు ప్రార్థనల మధ్య ఉన్న సంబంధం గురించి అక్కడ ఎవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. ఆ రోజు దాటవేసిన మాటను ఈ వారం రాస్తున్నాం.

అమెరికా ప్రజలు ఎవరిని ఎన్నుకోవాలో చెప్పడం మా పని కాదు. ఇక్కడ ఫలానా పార్టీకి ఓటు వేయమని గానీ, వేయవద్దని గానీ చెప్పబోవడం లేదు. మా ఆలోచన అంతా సంఘం గురించే. ఒక సంఘం తన ప్రసంగ పీఠాన్ని ఒక పార్టీకి అప్పగిస్తే తరవాత ఆ సంఘానికి ఏమవుతుంది? అమెరికాలో యాభై ఏళ్లుగా దీనికి జవాబు కనిపిస్తూనే ఉంది.

మూలసత్యాల నుంచి ఓటు పెట్టె దాకా

ఫండమెంటలిస్టు అనే మాట ఇప్పుడు తిట్టుగా వాడుతున్నారు. మొదట అది తిట్టు కాదు. 1910 నుంచి 1915 వరకు అమెరికాలో 'ది ఫండమెంటల్స్' అనే పేరుతో పన్నెండు సంపుటాలు వెలువడ్డాయి. లేఖనాల అధికారం, కన్యకా జననం, సిలువ మరణం ద్వారా ప్రాయశ్చిత్తం, పునరుత్థానం వంటి మూలసత్యాలను సమర్థించడానికి వాటిని వేశారు. ఈ సత్యాలతో మాకు పేచీ లేదు. మన సంఘాలు ఒప్పుకునేదీ వాటినే. కాబట్టి చిక్కు సిద్ధాంతంలో లేదు, ఆ సిద్ధాంతాన్ని ఎవరి చేతికి ఆయుధంగా ఇచ్చారన్న దగ్గర ఉంది.

1925లో టెనెసీ రాష్ట్రంలోని డేటన్‌లో పరిణామ సిద్ధాంతం బోధించిన ఒక ఉపాధ్యాయునిపై విచారణ జరిగింది. కేసు గెలిచినా పత్రికల్లో నవ్వులపాలైన ఫండమెంటలిస్టులు చాలాకాలం రాజకీయాలకు దూరంగా ఉండిపోయారు. నల్లజాతి సోదరులు ఓటు హక్కు కోసం వీధుల్లో నడుస్తున్న 1965లో, వర్జీనియాకు చెందిన జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు కాపరి, బోధకుల పని ఆత్మలను రక్షించడమే గానీ ఊరేగింపులు చేయడం కాదని ప్రసంగించాడు. పద్నాలుగేళ్ల తరవాత, 1979లో, 'మోరల్ మెజారిటీ' సంస్థను స్థాపించి దేశమంతటా విశ్వాసులను ఓటర్లుగా కూడగట్టింది ఆ కాపరే.

ఈ మధ్యలో ఏం మారింది? 1962లో ప్రభుత్వ బడుల్లో అధికారిక ప్రార్థన చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1973లో గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. సాధారణంగా చెప్పుకునే కారణాలు ఈ రెండే. చరిత్రకారులు మూడో కారణాన్నీ చూపిస్తారు. నల్లజాతివారిపట్ల వివక్ష చూపే క్రైస్తవ విద్యాసంస్థలకు ప్రభుత్వం పన్ను మినహాయింపు తీసేయడం మొదలుపెట్టింది. అప్పుడే చాలామంది నాయకులు రాజకీయాల వైపు కదిలారు. 1971లో సదరన్ బాప్టిస్టులే కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించాలని తీర్మానం చేశారంటే ఈ తరం వారు నమ్మలేరు. గర్భంలోని శిశువు ప్రాణం దేవుని దృష్టికి విలువైనదని మేము నమ్ముతాం. అయినా ఉద్యమపు వేళ్లు అన్నీ పరిశుద్ధ భూమిలోనే పుట్టాయని చెబితే నిజాయితీ అనిపించుకోదు.

జిమ్మీ కార్టర్ సంగతి చూడండి. 1976లో అధ్యక్షుడిగా ఎన్నికైన ఈయన బాప్టిస్టు, తిరిగి జన్మించిన అనుభవాన్ని బహిరంగంగా ఒప్పుకున్న విశ్వాసి, ఆదివారపు బడి ఉపాధ్యాయుడు. నాలుగేళ్లు తిరగకుండానే శ్వేతజాతి ఇవాంజెలికల్ నాయకులు ఆయనను వదిలి, సినిమా నటుడిగా పేరు తెచ్చుకుని, విడాకులు తీసుకుని రెండో పెళ్లి చేసుకున్న రోనాల్డ్ రీగన్ వెనుక నిలిచారు. జీవిత సాక్ష్యం చూసి ఓటు వేస్తామన్నవారు ఆ రోజున సాక్ష్యాన్ని పక్కన పెట్టి బలాన్ని ఎంచుకున్నారు. ఓడిపోయిన కార్టర్ తొంభై ఏళ్లు దాటాక కూడా ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో ఆదివారపు బడి చెబుతూ, పేదలకు ఇళ్లు కడుతూ బతికి, 2024 డిసెంబరు 29న నూరేళ్ల వయసులో ప్రభువు సన్నిధికి చేరాడు.

తరవాతి కథ అందరికీ తెలిసిందే. 1988లో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ తానే అధ్యక్ష పదవికి రిపబ్లికన్ పార్టీలో పోటీపడి ఓడిపోయాడు. మరుసటి ఏడాది ఆయన పెట్టిన 'క్రిస్టియన్ కొయలిషన్' చర్చిల్లో ఓటరు కరపత్రాలు పంచింది. 2016 పోలింగ్ రోజు సర్వేల్లో శ్వేతజాతి ఇవాంజెలికల్స్‌లో 81 శాతం డోనాల్డ్ ట్రంప్‌కు ఓటు వేసినట్టు తేలింది. 2020లో, 2024లో కూడా పదిమందిలో ఎనిమిదిమంది దాకా ఆయన వెంటే ఉన్నారు. ఆయన నియమించిన ముగ్గురు న్యాయమూర్తులతో బలపడిన సుప్రీంకోర్టు 2022 జూన్ 24న 1973 నాటి గర్భస్రావ తీర్పును కొట్టేసింది. అడిగింది దొరికింది.

దొరికినదానికి ఎంత చెల్లించారో కూడా లెక్క చూడాలి. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీదికి దూకిన గుంపులో యేసు పేరు రాసిన బోర్డులు, సిలువలు, క్రైస్తవ జెండాలు కనిపించాయి. పోలీసులను కొట్టిన గుంపులో ప్రభువు పేరు! 2007లో అమెరికా పెద్దవారిలో 78 శాతం క్రైస్తవులమని చెప్పుకున్నట్టు ప్యూ పరిశోధన సంస్థ లెక్క. 2023–24 నాటికి అది 62 శాతానికి దిగింది. ఏ మతమూ లేదనేవారు 16 నుంచి 29 శాతానికి పెరిగారు. దీనికి రాజకీయం ఒక్కటే కారణం కాదు. కానీ చర్చి పార్టీ ఆఫీసులా కనిపించడంతో చాలామంది యౌవనస్తులు బయటికి నడిచారని సామాజిక శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఓట్లు గెలిచిన తరం తన పిల్లలను పోగొట్టుకుంది.

ఇంకో సంగతి. అదే బైబిలు చదివి, అవే మూలసత్యాలు నమ్మే నల్లజాతి ప్రొటెస్టంట్లు ప్రతి ఎన్నికలోనూ అత్యధికంగా అవతలి పార్టీకి ఓటు వేస్తారు. వాక్యం ఒకటే అయినప్పుడు ఓట్లు ఇలా చీలాయంటే, ఓటును నడిపిస్తున్నది వాక్యం ఒక్కటే కాదన్నమాట. అక్కడ చర్మం రంగు. ఇక్కడ మన సంఘాల్లో ఓటు దేని వెంట నడుస్తున్నదో ఎవరి గుండె మీద వారు చేయి వేసుకుని చెప్పుకోవాలి. కులం పేరుతో రెండు వరుసల్లో కూర్చునే మందిరాలు ఇంకా మన జిల్లాల్లో ఉన్నాయని ఒప్పుకుందాం.

అక్కడ ఆమేన్ అంటే ఇక్కడ ఏమవుతుంది

ఆ దేశపు ఫండమెంటలిస్టు రాజకీయం గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఇది క్రైస్తవ దేశం, చట్టాలూ బడులూ కోర్టులూ మా విశ్వాసం ప్రకారమే నడవాలి అని. దీనికి విశాఖలో కూర్చుని ఆమేన్ చెప్పే సోదరులను ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఇదే వాక్యంలో మతం పేరు ఒక్కటి మార్చి మన దేశంలో ఎవరైనా మనతో అంటే ఏం జవాబు చెబుతాం? 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులం 1.34 శాతం. వీధి చివర మందిరం కట్టుకోవడానికి, ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకోవడానికి మనకున్న ఆధారం రాజ్యాంగంలోని 25వ అధికరణం. ఏ మతానికీ రాజ్యం సొంతం కాదన్న ఒప్పందం మీద మనం బతుకుతున్నాం. అక్కడ ఎక్కువమంది ఉన్నారు గనక ఆ ఒప్పందం వద్దని, ఇక్కడ తక్కువమంది ఉన్నాం గనక కావాలని అంటే అది నీతి కాదు, గుండ్రాయిలా ఎటు పల్లముంటే అటు దొర్లడం. మన ప్రభువు ఇచ్చిన కొలత ఒక్కటే. ఇతరులు మనకు ఏమి చేయాలని కోరతామో అదే మనం వారికి చేయాలి.

మన రాష్ట్రపు ఉచ్చు

అమెరికా చర్చికి అధికారం ఆశ చూపారు. మనబోటి కొద్దిమందికి చూపే ఆశ వేరు. కాస్త రక్షణ, కాస్త ఆదరణ. గత ఇరవై ఏళ్లలో ప్రభుత్వాలు మారుతూ వచ్చినా ఈ ఆదరణ ఏదో ఒక రూపంలో కొనసాగింది. జెరూసలేము యాత్రకు సాయం వచ్చింది. చంద్రన్న క్రిస్మస్ కానుక వచ్చింది. కాపరులకు నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనం వచ్చింది. ప్రతి డిసెంబరులో ప్రభుత్వ క్రిస్మస్ విందు సరేసరి. ఇవి పాపమని మేము అనడం లేదు. మన్యంలో కొండ దారుల్లో నడిచి సేవ చేసే కాపరి ఇంట్లో ఆ 5 వేలు బియ్యం బస్తా అవుతాయి. ఆయనను తప్పుపట్టే అర్హత పట్నంలో ఫ్యాను కింద కూర్చున్న మాకు లేదు. మేము అడిగేది ఒక్కటే. ఆ డబ్బు అందుకున్న నోటితో, ఇచ్చిన ప్రభుత్వం తప్పు చేసినప్పుడు తప్పు అని చెప్పగలుగుతున్నామా?

2019లో క్రైస్తవ కుటుంబానికి చెందిన నాయకుడు ముఖ్యమంత్రి అయినప్పుడు, ఎన్నో ప్రసంగ పీఠాల మీద అది యోసేపు హెచ్చింపుతో సమానమయింది. ఆ ప్రభుత్వాన్ని విమర్శించిన విశ్వాసిని అనుమానంగా చూశాం. 2024 మేలో ఓటింగు జరిగింది. జూన్ 4న లెక్కించినప్పుడు 175 స్థానాల్లో 164 అవతలి కూటమికి వెళ్లాయి. ఆ పార్టీకి మిగిలినవి 11. ఫలితాన్ని ముందే దర్శనంలో చూశామని యూట్యూబులో ప్రకటించినవారిలో దర్శనం తప్పిందని ఒప్పుకుని క్షమాపణ అడిగినవారు మాకు కనిపించలేదు. కొందరు రెండు నెలలు తిరగకముందే కొత్త నాయకులకు శాలువాలు కప్పుతూ కనిపించారు.

విశ్వాసులు మాత్రం బోధకులకంటే వివేకం చూపారు. మన జిల్లాలో పుట్టి, ప్రపంచమంతా తిరిగిన సువార్తికుడు కె.ఎ. పాల్ 2008లో ప్రజాశాంతి పార్టీ పెట్టారు. 2024లో విశాఖపట్నం లోక్‌సభ స్థానానికి పోటీ చేస్తే డిపాజిట్ దక్కలేదు. గెలిచిన అభ్యర్థికి ఐదు లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. ఉక్కు కర్మాగారం అమ్మకాన్ని ఆపాలని పాల్ గారు హైకోర్టుకు వెళ్లారు. అది పౌరునిగా ఆయన హక్కు, ఆ పని మంచిదే. కానీ బోధకుడన్న కారణంతో ఓటు వేయాల్సిన పని లేదని మన కుటుంబాలు ఎవరూ చెప్పకుండానే గ్రహించాయి.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక ఎన్నికలో ఒక అభ్యర్థి ఆరాధన ముగిసే వేళకు మా మందిరానికి వచ్చారు. మైకు ఇచ్చాం. శాలువా కప్పాం. తల మీద చేతులుంచి ప్రార్థించాం. తరవాతి నెలలో మందిరానికి కొత్త మైకు సెట్టు వచ్చింది. ఆయన గెలిచారు. కొన్నాళ్లకు మా సంఘంలో కొన్ని కుటుంబాలవారికి కాంట్రాక్టు పని పోయింది. ఆ నాయకుని దగ్గరికి అర్జీ పట్టుకుని వెళ్తున్నాం, మీరు కూడా రండి అయ్యగారూ అని వారు అడిగారు. ఆ మైకు ముందు నిలబడి ప్రతి వారం వాక్యం చెప్పే మాకు కాలు కదలలేదు. ఆరోగ్యం బాగాలేదని చెప్పాం. అవతలి పార్టీవారైన ఒక సంఘ పెద్ద కుటుంబం ఆ ఎన్నికల ఆదివారం తరవాత మళ్లీ మా మందిరపు గుమ్మం తొక్కలేదు. మైకు సెట్టు రెండేళ్లకు పాడైపోయింది. ఆ కుటుంబం ఈ రోజుకీ రాలేదు.

అహాబు ఆస్థానం

ఒకటవ రాజుల గ్రంథం 22వ అధ్యాయం ఈ సందర్భంలో మళ్లీ చదవమని ప్రతి కాపరినీ కోరుతున్నాం. రామోత్గిలాదు మీద యుద్ధానికి వెళ్లాలా వద్దా అని అహాబు నాలుగు వందలమంది ప్రవక్తలను అడిగాడు. అందరూ ఒక్క గొంతుతో వెళ్లమన్నారు. సిద్కియా ఇనుప కొమ్ములు కూడా చేయించి చూపించాడు. ఒక్క మీకాయా మాత్రం ఉన్నమాట చెప్పాడు. చెంపదెబ్బ తిన్నాడు, చెరసాలకు వెళ్లాడు. యుద్ధంలో రాజు చనిపోయాడు. ఆ నాలుగు వందలమంది యెహోవా పేరు మీదే మాట్లాడారన్నది మనం మరిచిపోతాం. వారు బయలు ప్రవక్తల్లా మరో దేవుని పేరు ఎత్తలేదు. దేవుని పేరుతోనే రాజుకు నచ్చినది చెప్పారు. రాజు బల్ల మీద భోజనం చేసేవారికి రాజు వినాలనుకున్నదే దర్శనంలో కనిపించడం మొదలవుతుంది.

మన చట్టం కూడా ఈ ప్రమాదాన్ని గుర్తించింది. మతం పేరుతో ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురు–ముగ్గురు తేడాతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని తేల్చింది. మందిరాలను, మసీదులను, చర్చిలను రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదని 1988లో చేసిన చట్టం ఉంది. ఉల్లంఘిస్తే ఐదేళ్ల వరకు జైలు. అమెరికాలోనూ పన్ను మినహాయింపు పొందే చర్చిలు అభ్యర్థులను సమర్థించరాదని 1954 నుంచి నిబంధన ఉంది. 2025 జూలైలో ఆ దేశపు పన్నుల శాఖ, ఆరాధనలో కాపరి తన సంఘంతో ఎన్నికల గురించి మాట్లాడితే ఈ నిబంధన కిందికి రాదని టెక్సాస్‌లోని ఒక కోర్టుకు తెలిపింది. అక్కడ కొందరు దీన్ని విజయంగా పండగ చేసుకున్నారు. తలుపు తెరిచింది ఎవరికోసమో కాలమే చెబుతుంది.

అయితే నోరు మూసుకోవాలా

కాదు. రాజకీయం మనకెందుకు, పరలోకం చూసుకుందాం అనే బోధ కూడా తప్పుదారే. 1965లో ఫాల్వెల్ చెప్పింది అదే. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ ఉత్తరం రాసింది, తొందరపడవద్దని సలహా ఇచ్చిన తోటి మతపెద్దలకే. ఆయన అన్యాయాన్ని పేరు పెట్టి చూపించాడు. కెన్నెడీ ప్రభుత్వాన్ని నిలదీశాడు. జాన్సన్ పౌర హక్కుల చట్టం తెచ్చినప్పుడు పక్కనే నిలబడ్డాడు, వియత్నాం యుద్ధం చేసినప్పుడు ఆ జాన్సన్‌నే బహిరంగంగా తప్పుపట్టాడు. ఆయన ఏ పార్టీ బల్ల మీదా భోజనం చేయలేదు గనక అది సాధ్యమైంది.

మనం మాట్లాడాల్సిన సంగతులు మన ఊళ్లోనే ఉన్నాయి. 1966లో విశాఖ ఉక్కు కోసం జరిగిన పోరాటంలో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మడానికి 2021 జనవరి 27న కేంద్రం ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. కర్మాగారం నిలబడాలి, భూములిచ్చిన నిర్వాసితులకూ కాంట్రాక్టు కార్మికులకూ న్యాయం జరగాలి అని అడగడానికి ఏ పార్టీ జెండా అవసరం లేదు.

దళిత క్రైస్తవుల సంగతీ అంతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులం బయటే ఉన్నాం. మన రాష్ట్రంలో బీసీ–సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్నాం. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. అంతకుముందే 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. కాగితం మీద ఒక మతం, బాప్తిస్మ రిజిస్టరులో ఇంకో మతంగా బతకాల్సి వస్తున్న మన బిడ్డల బాధ ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆగలేదు. ఈ మాట అడగాలంటే ఎవరికీ బాకీ లేని సంఘం కావాలి.

మహా విశాఖ నగరపాలక సంస్థకు 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గం గడువు ఐదేళ్లు. మళ్లీ వార్డు ఎన్నికల కాలం, అభ్యర్థులు ఆదివారాల్లో మన గుమ్మాల దగ్గరికి వచ్చే కాలం. వారు విశ్వాసులతో కలిసి కూర్చుని వాక్యం వినవచ్చు. మైకు, శాలువా, వేదిక మీద కుర్చీ వద్దు. ఎన్నికల నెలల్లో వారి నుంచి విరాళం తీసుకోవద్దు. ఇప్పటికే తీసుకుని ఉంటే సంఘ లెక్కల్లో రాసి అందరి ముందు చదవండి. ఎవరికి ఓటు వేయాలని విశ్వాసి అడిగితే పేరు చెప్పవద్దు. మీ వీధిలో మురుగు కాలువ సంగతి, మీ ఇంట్లో ఉపాధి సంగతి, బీదల పట్ల ఆ మనిషి నడత చూసి నిర్ణయించుకోమనండి. పక్క బెంచీలోని సోదరుడు వేరే పార్టీకి ఓటు వేసినా ప్రభువు బల్ల దగ్గర అతడు మన సోదరుడేనని నేర్పండి.

అధికారుల కోసం విజ్ఞాపన చేయమని పౌలు తిమోతికి రాశాడు. నీరో లాంటి చక్రవర్తి పాలించే రోజుల్లో రాశాడు. అందుకే మేము ఢిల్లీ కోసం, అమరావతి కోసం, వాషింగ్టన్ కోసం ప్రార్థిస్తాం, మనకు నచ్చినవారున్నా నచ్చనివారున్నా. అయితే ఆ శుక్రవారం లేచి నిలబడిన సోదరి పేరును వారి పేర్ల కంటే ముందు ఎత్తాలని తీర్మానించుకున్నాం. ఆమె పని కోసం ప్లాంటు యాజమాన్యాన్ని గానీ, ప్రభుత్వాన్ని గానీ అడగాల్సి వస్తే ఈసారి ఆరోగ్యం బాగాలేదని చెప్పం. మా కోసం కూడా ప్రార్థించండి.